నాన్న పాదం కింద ఎలుక

"బ్రేకు మీద కాలేస్తే, కింద ఎలుక కొట్టుకుంటున్నట్టు ఉంటోందే అమ్మాయ్..."

పోయినేడు సంక్రాంతికి బందరు వెళ్ళినప్పుడు నాన్న అన్న మాట ఇది. అప్పుడు నేను అరిసెలు స్టీలు డబ్బాలో సర్దుకునే పనిలో ఉన్నాను. 'ఊఁ' అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క అడగలేదు. ఆ 'ఊఁ' ఖరీదెంతో తెలియడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

నాన్న 31 ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపాడు. బందరు డిపో. ప్రమాదం చేయని డ్రైవర్లకు సంస్థ ఇచ్చే బహుమతి తీసుకుంటున్న ఫొటో మా హాల్లో ఇప్పటికీ ఉంది, పెళ్ళి ఫొటో కంటే ఎత్తులో. (ఈ విషయంలో అమ్మకు ఇంకా కోపమే.) రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి గుడివాడలో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. 2012 మోడల్, డీజిలు. అందులో ఏబీఎస్ ఉందని ఆయనకు మహా గొప్ప. "మేం వానలో బ్రేకును కొట్టి వదిలి, కొట్టి వదిలి ఆపేవాళ్ళం. ఇదే చూసుకుంటుందట" అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు.

పొద్దున్నే మంగినపూడి బీచికి వెళ్ళడం, కార్తీక మాసంలో అమ్మను పెదకళ్ళేపల్లి గుడికి తీసుకెళ్ళడం... ఆ కారుకు అంతకంటే పెద్ద డ్యూటీలు లేవు. నాన్నకూ లేవు.

మే నెలలో సెలవులకు మా పాపను తీసుకుని వెళ్ళాను. దానికి ఎనిమిదేళ్ళు. తాతయ్య కారు హారను వినబడితే చాలు, పరుగెత్తుకెళ్ళి గేటు తీయడం దాని ఉద్యోగం. ఆ రోజు సాయంత్రం కూడా అలాగే వెళ్ళింది. ఒక రెక్క తీసింది. రెండో రెక్క గడియ బిగుసుకుంది. నాన్న ఎప్పుడూ గేటుకు బారెడు దూరంలో, వేపచెట్టు ఎదురుగా ఆపుతాడు. ఆ రోజు కారు అక్కడ ఆగలేదు. అర గజం ముందుకొచ్చింది. బంపరు గేటుకు తగిలింది. గేటు పాపకు తగిలింది.

మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. కానీ 'అంతే' అనుకోవడం ఆ రాత్రి నాకు చేతకాలేదు. కళ్ళు మూసుకుంటే గేటుకూ గోడకూ మధ్య ఉన్న సందే కనబడేది.

"నేను తొక్కానే. బండే వదిలేసింది" అన్నాడు నాన్న. ఒకసారి కాదు, నాలుగుసార్లు అన్నాడు. ఐదోసారి అనలేదు.

హైదరాబాదు నుంచి అన్నయ్య ఫోన్లోనే తేల్చేశాడు. "డెబ్బై దగ్గర పడుతున్నాయి. షుగరుంది. ఇంక చాలు." అయినా న్యాయంగా ఉందామని రెండు పనులు చేశాం. ఒకటి, వీధి చివర మెకానిక్‌కు కారు చూపించాం. అతను బ్రేకు ఆయిలు చూశాడు, ప్యాడ్లు చూశాడు, రోడ్డు మీద ఒక రౌండు తిప్పుకొచ్చాడు. "డ్యాష్‌బోర్డులో ఒక్క లైటు కూడా వెలగట్లేదండీ, బండి సుబ్బరంగా ఉంది" అన్నాడు. రెండు, నాన్నను డాక్టరుకు చూపించాం. ఆయన శ్రుతిదండాన్ని మోగించి కాలి బొటనవేలికి ఆనించి, "తెలుస్తోందా?" అని అడిగాడు. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గడం మామూలేనని, నాన్నకు కూడా కొద్దిగా తగ్గిందని చెప్పాడు.

ఇంకేం కావాలి? బండిలో లైటు వెలగలేదు కాబట్టి బండి మంచిది. డాక్టరు చెప్పాడు కాబట్టి తప్పు కాలిది. తీర్పు అయిపోయింది.

కారు నేను విజయవాడ తెచ్చుకోవాలని నిర్ణయమైంది. నాన్న వాదించలేదు. ఆర్సీ, ఇన్సూరెన్సు కాయితాలు కవర్లో పెట్టాడు. స్టెప్నీలో గాలి చూశాడు. తాళం రెండు చేతులతో ఇచ్చాడు. డ్యూటీ దిగి తర్వాతి డ్రైవరుకు బస్సు అప్పగించినట్టు.

ఆ తర్వాత నుంచి అమ్మ ఫోన్లలో ఒకే వార్త. "మీ నాన్న పెద్దగా మాట్లాడ్డంలేదే. పొద్దున్నే లేచి, కారు పెట్టే చోట చీపురుతో ఊడ్చి వస్తున్నారు. అక్కడ కారు లేదుగా, ఏం ఊడుస్తారో..."

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. దాచుకుంటే ఈ కథకు అర్థం ఉండదు.

ఆ ఎలుక నాకూ తగిలింది. కారు తెచ్చిన వారంలోనే. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నెమ్మదిగా ఆపుతుంటే, ఇంకో రెండు మూడు అడుగుల్లో ఆగుతుందనగా, పెడలు కింద 'గిర్ర్...' మంటూ ఏదో కొట్టుకుంది. ఏబీఎస్ అంటే ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. రోడ్డు గుంటలేమో అనుకున్నాను. ముందు బండికీ నాకూ కాస్త ఎక్కువ దూరం ఉంచుకోవడం అలవాటు చేసుకున్నాను. నాన్న చెప్పింది ఇదేనేమో అన్న ఆలోచన రాలేదా? వచ్చింది. కానీ అది నిజమైతే, బందరులో మేం చేసింది ఏమిటి? ఆ ప్రశ్న దగ్గరకొచ్చేసరికి సిగ్నల్ పచ్చగా మారిపోయేది.

ఆగస్టులో ఒక వాన పొద్దున, డ్యాష్‌బోర్డులో పసుపు రంగు లైటు వెలిగింది. గుండ్రంలో ఏబీఎస్ అని అక్షరాలు. ఆ లైటు చూసి నాకు భయం వేయలేదు. సిగ్గేసింది.

నగరంలో ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్ళాను. ఏసీ గది, కాఫీ మెషిను, టై కట్టుకున్న అబ్బాయి. స్కానరు పెట్టి చూసి, ఎడమ ముందు చక్రం సెన్సారు అన్నాడు. సాయంత్రానికి మాట మారింది. ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలట. పంపు, వాల్వులు, దాని కంప్యూటరు అన్నీ ఒకటే ముద్దగా వస్తాయట. 46 వేలు. "సేఫ్టీ విషయం కదా మేడమ్" అని ముగించాడు. ఆ మాట ముందు ఎవరం మాత్రం ఏం మాట్లాడగలం? పాప స్కూలు ఫీజు రెండో టర్ము కళ్ళ ముందు మెదిలింది. ఆలోచించి చెబుతానని బయటపడ్డాను.

మా ఫొటోగ్రాఫరు సలహా మీద ఆటోనగర్ వెళ్ళాను. విజయవాడ ఆటోనగర్ గురించి తెలిసినవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. లారీకి బాడీ కట్టే చోటు నుంచి వైపరు రబ్బరు అమ్మే చోటు దాకా అక్కడ లేనిది లేదు. దారి తెలియకపోతే మాత్రం ఒకే వీధిలో మూడుసార్లు తిరుగుతాం. నేను నాలుగుసార్లు తిరిగాను. ఒక రేకుల షెడ్డు, బయట బోర్డు కూడా సరిగా లేదు. యాభై దాటిన ఎలక్ట్రీషియన్, ఇద్దరు కుర్రాళ్ళు. ఆయన స్కానరు ముట్టుకోకుండానే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఎప్పుడు కొడుతోందమ్మా? స్పీడులోనా, స్లోలోనా? తొక్కగానేనా, ఆగబోయే ముందా? వానరోజు ఎక్కువా?"

నా దగ్గర సమాధానాలు లేవు. నాన్న దగ్గర విన్నవి గుర్తుచేసుకుని అప్పజెప్పాను. గట్టిగా తొక్కితే రాదు. స్పీడులో రాదు. ఆగబోయే ముందు, మనిషి వడివడిగా నడిచే స్పీడు దగ్గర వస్తుంది. కాలి కింద ఎలుక కొట్టుకున్నట్టు ఉంటుంది. ఆ క్షణం బండి వదిలేస్తుంది.

ఆయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇదెవరు చెప్పారు?"

"మా నాన్న."

"లైటు రాకముందే చెప్పారా?"

"ఏడు నెలల ముందు."

"ఆయన్ని ఒకసారి తీసుకురండమ్మా. బండి గురించి సగం ఆయనే చెప్పేశారు."

నాన్నకు ఫోన్ చేశాను. వస్తాడనుకోలేదు. "ఎన్నింటికి రావాలి?" అని మాత్రం అడిగాడు. నా వీక్లీ ఆఫ్ మంగళవారం. ఆ రోజు పొద్దున్నే పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బస్సులో వచ్చి, తొమ్మిదింటికల్లా బస్టాండులో దిగాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. డిపో మేనేజరు దగ్గరకు వెళ్ళేటప్పుడు అలా తయారయ్యేవాడు.

షెడ్డులో ముందు స్కానరు పెట్టారు. ఇంజను తప్పులకు ఒక రకం కోడ్లుంటాయట, బ్రేకులకు 'సి'తో మొదలయ్యేవి ఉంటాయట. ఆన్‌లైన్‌లో కొనుక్కునే చవక స్కానర్లు చాలావరకు ఇంజను కోడ్లే చదువుతాయి. ఈయన దగ్గరున్నది రెండూ చదివింది. సి0035. ఎడమ ముందు చక్రం స్పీడు సెన్సారు సర్క్యూట్. వర్క్‌షాపులో చెప్పిందే. "అయితే సెన్సారు పోయినట్టేగా?" అన్నాను తెలివిగా. ఆయన నవ్వాడు. "కోడు చెప్పేది ఏ వీధిలో గొడవ జరుగుతోందో అంతవరకే అమ్మా. ఎవరు ఎవర్ని కొట్టారో మనమే వెళ్ళి చూడాలి."

(మా క్రైమ్ రిపోర్టరుకు ఈ మాట చెబితే నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.)

స్కానరు తెర మీద నాలుగు అంకెలు పెట్టాడు. నాలుగు చక్రాల వేగాలు. కుర్రాణ్ణి వెనక కూర్చోబెట్టి తెర చూస్తూ ఉండమని, నాన్నను నడపమన్నాడు. తాళం ఆయన చేతికి ఇచ్చాడు. నాన్న నా వైపు చూడకుండానే తీసుకున్నాడు. ఖాళీ రోడ్డులో నలభైలో వెళ్తుంటే నాలుగూ నలభై. ఇరవై దగ్గర నాలుగూ ఇరవై. పన్నెండు దగ్గరకు వచ్చేసరికి కుర్రాడు అరిచాడు. మూడు చక్రాలు పన్నెండు, ఒకటి సున్నా! చక్రం ఆగలేదు, తిరుగుతూనే ఉంది. కానీ కంప్యూటరుకు మాత్రం ఆగినట్టు కనబడింది.

తర్వాత చేసిన పని ఇంకా చిత్రం. ఫ్యూజుల పెట్టె తెరిచి ఏబీఎస్ ఫ్యూజు పీకేశాడు. డ్యాష్‌బోర్డులో లైటు వెలిగింది. "ఇప్పుడు ఇది మామూలు బ్రేకు బండి. ఎలుక ఉందేమో చూడండి సార్." నాన్న నెమ్మదిగా వెళ్ళి ఆపాడు. లేదు. మళ్ళీ ఆపాడు. లేదు. ఐదుసార్లు. ఫ్యూజు తిరిగి పెట్టారు. మొదటిసారికే పెడలు గిర్రుమంది, బండి అర గజం జారింది. నేను పక్క సీట్లోనే ఉన్నాను. గేటు దగ్గర జరిగింది ఇదే. అచ్చం ఇదే.

నాన్న ఏమీ అనలేదు. హ్యాండ్‌బ్రేకు లాగి, దిగి, షెడ్డు మూలనున్న కుండ దగ్గరకు వెళ్ళి మంచినీళ్ళు తాగాడు.

(ఈ ఫ్యూజు పరీక్ష ఎవరూ ఇంటి దగ్గర చేయకండి. చేసింది తెలిసినవాడు, ఖాళీ రోడ్డు మీద, పాకే వేగంలో.)

ఇంతకీ సంగతేమిటి? ప్రతి చక్రం దగ్గరా పళ్ళున్న ఇనుప రింగు ఒకటి చక్రంతో పాటు తిరుగుతుంది. దాని ఎదురుగా, మిల్లీమీటరు అటూఇటూ ఖాళీతో సెన్సారు కూర్చుంటుంది. ఈ పాత రకంలో ఉండేది అయస్కాంతం, దాని మీద చుట్టిన రాగి తీగ. పన్ను ఎదురుగా వచ్చి పోయినప్పుడల్లా చిన్న కరెంటు అల పుడుతుంది. అలలు లెక్కపెట్టి కంప్యూటరు చక్రం వేగం తెలుసుకుంటుంది. "సైకిలు డైనమో లాంటిదే సార్" అన్నాడాయన నాన్నతో. "గట్టిగా తొక్కితే దీపం వెలుగు, నెమ్మదిగా తొక్కితే మినుకు మినుకు." కొత్త బండ్లలో వచ్చే సెన్సార్లకు ఈ బలహీనత లేదట, అవి పాకే వేగంలో కూడా సరిగానే చెబుతాయట.

మా కారులో ఎడమ చక్రం డైనమో మిగతావాటికంటే ముందే ఆరిపోతోంది. మూడు చక్రాలు తిరుగుతూ ఒకటే ఆగిందంటే, అది జారుతోందని కంప్యూటరు లెక్క. వెంటనే ఆ చక్రం బ్రేకు వదులుతుంది, పడుతుంది, వదులుతుంది, సెకనులో ఎన్నోసార్లు. ఆ పంపు, వాల్వుల కదలికే పెడల్లో తెలిసే ఎలుక. నిజంగా జారుతున్నప్పుడు అది ప్రాణం కాపాడే ఎలుక. 1978లో బాష్ కంపెనీ తయారుచేయగా మెర్సిడెస్ ఎస్‌-క్లాస్‌లో మొదట వచ్చింది ఈ తరహా ఎలక్ట్రానిక్ ఏబీఎస్. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. అబద్ధం చెప్పే సెన్సారు చేతిలో పడితే మాత్రం, ఆగాల్సిన బండిని అదే ఆగనివ్వదు.

మరి లైటు ఎందుకు వెలగలేదు? నన్ను ఎక్కువగా తొలిచిన ప్రశ్న ఇదే. తాళం తిప్పగానే కంప్యూటరు చూసుకునేది తీగ తెగిందా లేదా అని. తీగ బాగానే ఉంది. స్పీడులో అలలు బాగానే వస్తున్నాయి. కాబట్టి దాని దృష్టిలో సెన్సారు ఆరోగ్యంగానే ఉంది. ఆ కాస్త వేగం దగ్గరే అబద్ధం. అబద్ధం బాగా ముదిరాకే దానికి అనుమానం వచ్చింది. నాన్నకు సంక్రాంతికే వచ్చింది.

జాకీ ఎత్తి చక్రం విప్పారు. సెన్సారు ప్లగ్గు పీకి మల్టీమీటరు పెట్టారు. ఎడమది 1180 ఓములు. పోల్చడానికి కుడిదీ చూశారు, 1150. అంటే రెండు తీగలూ బతికే ఉన్నాయి. మీటరును ఏసీ వోల్టుల మీదకు తిప్పి, చక్రాన్ని చేత్తో ఒకే తీరున తిప్పించాడు. కుడి వైపు సెన్సారు 0.3 వోల్టు దాకా చూపిస్తుంటే, ఎడమది 0.1 దాటలేదు. "తీగ మంచిదే, రింగుకు దూరమైంది" అన్నాడు.

సెన్సారుకు ఒకటే బోల్టు. బోల్టు వచ్చింది గానీ సెన్సారు రాలేదు. అది కూర్చునే ఇనుప గూడులో తుప్పు పట్టి, ఉబ్బి, దాన్ని పైకి నెట్టేసింది. ఎంత? కుర్రాడు బొటనవేలి గోరు చూపించాడు. ఆ మందం. కొసన అయస్కాంతానికి పట్టుకున్న ఇనుప రజను, ఎలుక తోకలాగే. "సముద్రం దగ్గర తిరిగిన బండా?" అనడిగాడు ఎలక్ట్రీషియన్. మంగినపూడి గాలి, మంగినపూడి ఉప్పు. నాన్న గడ్డం గోక్కున్నాడు. బీచిలో ఇసక దాకా కారు తీసుకెళ్ళొద్దని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో నాకు తెలుసు.

తుప్పు ఆయిలు కొట్టి, అరగంట ఆగి, మెల్లగా తిప్పుతుంటే సెన్సారు ప్లాస్టిక్ ఫట్‌మంది. రెండు ముక్కలు. "వీటితో ఇదే గొడవ. బతికుంటే కడిగి మళ్ళీ పెట్టేవాణ్ణి" అని నొచ్చుకున్నాడు. కుర్రాడు స్కూటరు మీద వెళ్ళి కొత్తది తెచ్చాడు. 1,850 రూపాయలు. గూడును గరుకు కాగితంతో తెల్లగా రుద్ది, రింగును ఒక చుట్టు మెల్లగా తిప్పి ఏ పన్నూ విరగలేదని చూసి, అప్పుడు బిగించాడు. గూడు శుభ్రం చేయకుండా కొత్తది పెట్టి ఉంటే, అది కూడా గోరు మందం పైనే కూర్చునేది. కూలి 800. అంతా కలిపి 2,650. మూడొందల యాభై తిరిగిచ్చేటప్పుడు ఒక మాట చెప్పాడు. "పసుపు లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు ఉంటుందమ్మా, జాగ్రత్తగా నడుపుకుంటూ రండి. దాంతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే మాత్రం అక్కడే ఆపేయండి. నడపొద్దు."

మళ్ళీ అదే రోడ్డు. నాన్న పదిసార్లు ఆపాడు. నాలుగు అంకెలూ కలిసి దిగి కలిసి సున్నా అయ్యాయి. "చాల్లెండి సార్, కొత్త టైర్లు అరిగిపోతాయ్" అని కుర్రాడు నవ్వేదాకా ఆపుతూనే ఉన్నాడు.

బందరు దాకా నాన్నే నడిపాడు. కంకిపాడు దాటాక చినుకులు మొదలయ్యాయి. ఉయ్యూరు దగ్గర, నోరు తెరవకపోతే ఇంక ఎప్పటికీ తెరవలేననిపించింది.

"నాన్నా, బెంజి సర్కిల్ దగ్గర నాకూ తగిలింది అది. మే నెలలోనే."

వైపర్లు రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాయి.

"మరి చెప్పలేదేం?"

నేనేమీ చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. పామర్రులో ఆపి టీ తాగించాడు, నా గ్లాసులో పంచదార తక్కువ వేయమని ఆయనే చెప్పాడు.

ఇంటికి చేరేసరికి మసక చీకటి పడుతోంది. హారను విని అమ్మ గేటు తీసింది. కారు వేపచెట్టు ఎదురుగా, గేటుకు బారెడు దూరంలో ఆగింది. నాన్న దిగి, తాళం మేకుకు తగిలించి, చొక్కా విప్పుతూ అన్నాడు.

"చీకట్లో నేను నడపను. పెద్ద వానలోనూ నడపను. ఆ డాక్టరు కాలి గురించి చెప్పింది కూడా నిజమేనే. చెప్పులో రాయి పడినా వెంటనే తెలియట్లేదు."

అన్నయ్యకు ఫోన్ కలపమంటే, వద్దన్నాడు. బక్కెట్లో నీళ్ళు పట్టుకుని, టార్చి నోట్లో పెట్టుకుని, ఎడమ ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు.